ఎర్ర మూత కుడి చెంపకి

"మీ ముఖం పనికిరాదండీ."

చుక్క ఆ మాట చాలా మర్యాదగానే అంది. చేతిలో భూతద్దం, ఒళ్ళో ప్యాడు, చెవి వెనక పెన్ను. ఎదురుగా స్టూలు మీద యూనిఫాంలో కూర్చున్న మనిషి తన ముఖం తడుముకున్నాడు.

"మా అమ్మ కూడా నన్నెప్పుడూ ఇంత మాట అనలేదండీ," అన్నాడు.

"అందం గురించి కాదు. మీ రెండు చెంపలూ ఒకేలా లేవు. ఎడమ చెంపకి ముప్ఫై ఏళ్ళుంటే కుడి చెంపకి నలభై ఉన్నాయి. నల్లగా, గరుకుగా ఉంది. కంటి పక్క ముడతలు కూడా అటే ఎక్కువ. ఏం పని చేస్తారు?"

"బస్సు నడుపుతాను. ఏడో నంబరు."

"అదీ సంగతి. మీ సీటు పక్క కిటికీ కుడివైపు. పదేళ్ళుగా ఎండంతా ఆ చెంపే మోస్తోంది."

అతను గోడకున్న అద్దం దగ్గరికి వెళ్ళి అటు తిరిగి ఇటు తిరిగి చూసుకున్నాడు. "రోజంతా అద్దం ముందే కూర్చుంటాను. నాకు కనపడనేలేదే!"

"మీరు అద్దంలో చూసేది వెనకొచ్చే బండ్లని. మీ ముఖాన్ని కాదు. నెక్స్ట్!"

"ఆగండాగండి." అతను మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. "మీక్కావలసింది ఏమిటి? క్రీము పనిచేసిందా లేదా అని. అంతేగా? అయితే రెండు చెంపల్నీ ఒకదానితో ఒకటి పోల్చడం ఎందుకు? కుడి చెంపని ఇవాళ్టి కుడి చెంపతో, ఎడమదాన్ని ఇవాళ్టి ఎడమదానితో పోల్చుకోండి. అన్నదమ్ములకి ఎత్తు కొలిచేటప్పుడు అలాగే కదండీ చేస్తాం?"

చుక్క పెన్ను చెవి వెనక నుంచి తీసింది. ఈ ముక్క ఎంఎస్సీ చదివిన తనకి తట్టాలి, స్టీరింగు తిప్పే మనిషికి తట్టింది. ఒళ్ళు మండింది. కానీ వాలంటీర్లు పన్నెండు మంది కావాలి, పొద్దున్నుంచీ వచ్చింది పదకొండు మందే.

"సంతకం పెట్టండి," అంది ముఖం ముడుచుకుని.

చుక్క అసలు పేరు ల్యాబులో ఎవరికీ గుర్తులేదు. కలిపే మందులో ఒక్క చుక్క ఎక్కువైనా మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టే పిల్ల కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అది ముఖానికి రాసుకునే క్రీములు చేసే చిన్న కంపెనీ. కింద ప్యాకింగు, పైన ల్యాబు, ఆ పైన మేనేజరు గది. చుక్క మూడేళ్ళు ప్యాకింగులో మూతలు బిగిస్తూనే ఎంఎస్సీ పూర్తిచేసి, పట్టుబట్టి పైకెక్కింది. ఎక్కి రెండేళ్ళు కష్టపడి ఒక క్రీము తయారుచేసింది. ఏ వయసు వాళ్ళైనా, ఎలాంటి చర్మమైనా, ఇంటిల్లిపాదికీ ఒకే డబ్బా అని ఆమె కల.

అదే సమయానికి సీనియర్ మేడమ్ కూడా ఒక క్రీము చేసింది. ఆవిడకి ఇరవై ఏళ్ళ అనుభవం. కంపెనీ దగ్గర ఒకే ఒక్క క్రీముకి మెషీను ఉంది. అందుకని మేనేజరు పరీక్ష పెట్టాడు. పన్నెండు ముఖాలు, ఎనిమిది వారాలు. ఎర్ర మూత డబ్బా కుడి చెంపకి, నీలం మూత డబ్బా ఎడమ చెంపకి. ఏ మూత కింద ఎవరి క్రీము ఉందో మేనేజరుకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయన ఆ సంగతి కాగితం మీద రాసి, కవరులో పెట్టి, బీరువాలో తాళం వేశాడు. చుక్క చేతికి తన క్రీము ఇట్టే తెలిసిపోతుందని ఆమెను మూతలు కూడా తియ్యనివ్వలేదు.

గెలిస్తే తన క్రీము బజార్లోకి వెళుతుంది. ఓడితే తను మళ్ళీ కిందికి, మూతల దగ్గరికి. ఆ మాట మేనేజరు నవ్వుతూనే చెప్పాడు గానీ, చుక్క నవ్వుతూ వినలేదు.

ఆమె పన్నెండు మందికీ ల్యాబు కెమెరాతో మొదటి ఫొటోలు తీసి, స్వయంగా డబ్బాలిచ్చి, రూల్సు తనే రాసి, తనే చదివి వినిపించింది. "ప్రతి ఆదివారం పొద్దున్నే ముఖం కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి, ఫోనుతో ఫొటో తీసి పంపాలి. దురద, మంట, దద్దుర్లు ఏమొచ్చినా వెంటనే చెప్పాలి. బయటికెళితే రెండు చెంపలకీ ఈ సన్‌స్క్రీన్ తప్పనిసరి. పరీక్ష అయ్యేదాకా వాలంటీర్లకీ ల్యాబు వాళ్ళకీ స్నేహాలు, చుట్టరికాలు, కాఫీలు ఉండకూడదు."

"కాఫీ కూడానా?" అన్నాడు డ్రైవరు.

"కాఫీ కూడా."

"మంచినీళ్ళు?"

"మీ ఇంట్లో తాగండి."

*

ఎనిమిది వారాలు అతను ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. సరిగ్గా ఏడుకల్లా ఫొటో, దాని కింద రిపోర్టు.

"కుడి చెంప: బాగుంది. ఎడమ చెంప: బాగుంది. ఏ ఇబ్బందీ లేదు. మీరెలా ఉన్నారు?"

"చివరి ప్రశ్న ఫారంలో లేదండీ."

"ఉండాల్సిందండీ. ఫారం రాసినవాళ్ళు మర్చిపోయినట్టున్నారు."

చుక్క ఫోను బోర్లించి పెట్టేది. రెండు నిమిషాలాగి మళ్ళీ తిప్పేది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆమె ఇంటి నుంచి ల్యాబుకి నేరుగా వెళ్ళే బస్సు ఏడో నంబరే. మొదటి వారం రూలు కోసం రెండు బస్సులు మారి వెళ్ళింది. రెండో వారం కుండపోత వాన. స్టాపులో గొడుగు తిరగబడి తడిసి ముద్దవుతుంటే ఏడో నంబరు వచ్చి ఎదురుగా ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ముందుకే చూస్తూ, "ఎక్కండి. ప్రయాణికురాలు చుట్టం కాదు, స్నేహితురాలూ కాదు," అన్నాడు.

ఎక్కింది. మూడో సీటులో కిటికీ పక్కన కూర్చుంది. పైనున్న పెద్ద అద్దంలో అతని కళ్ళు ఒకసారి కనపడ్డాయి. వెంటనే రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. చుక్క దిగేవరకు ఆ అద్దం వంకే చూసింది. అతని చర్మం ఎలా ఉందో పరిశీలిస్తున్నానని తనకి తను చెప్పుకుంది. అబద్ధం ఆడటం ఆమెకి బొత్తిగా చేతకాదు, తనతో తను కూడా. ఆ సంగతి మాత్రం ఆ పూట పట్టించుకోలేదు.

ఆ తర్వాత రోజూ ఏడో నంబరే ఎక్కింది. మాటలు మాత్రం లేవు. రూలంటే రూలే.

*

ఎనిమిది వారాలూ అయ్యాక ఫొటోలన్నీ బయటి స్కిన్ డాక్టరుకి వెళ్ళాయి. ఆయన చెంప చెంపకీ మార్కులు వేసి పంపాడు. మేనేజరు ఆ కాగితం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు.

"ఎర్ర మూత గెలిచింది! కొద్ది తేడాయే అనుకోండి, కానీ ఇదిగో, ఈ డ్రైవరు కేసు చూడండి. డాక్టరుగారు ఏం రాశారో వినండి. 'కుడి చెంప నలుపు, గరుకు దాదాపు పూర్తిగా పోయాయి. ఆశ్చర్యంగా ఉంది.' పోస్టరు వేసేద్దాం! ఇప్పుడే కవరు తెరుద్దాం!"

అది తనదే కావాలని చుక్క కోరుకుంది. మరుక్షణమే గతుక్కుమంది. ఆ పొద్దున్నే మూడో సీటులోంచి చూసింది ఆ కుడి చెంపని. అది ఎప్పటిలాగే నల్లగా ఉంది.

"సార్, ఎడమ చెంప గురించి ఏం రాశారు?"

మేనేజరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "'ఎడమ చెంప బాగా నల్లబడింది.' అంటే నీలం మూత దరిద్రంగా ఉందన్నమాట."

"పదేళ్ళ ఎండ ఎనిమిది వారాల్లో పోదు సార్. ఏ క్రీముకీ పోదు." చుక్క ఫొటో తీసుకుని చూసింది. అతని చొక్కా జేబు కుడివైపుంది. ఏ చొక్కాకైనా జేబు ఎడమవైపే ఉంటుంది.

"సెల్ఫీ కెమెరా," అంది. "అద్దంలోలాగా తిప్పి తీస్తుంది. మొదటి రోజు మనం తీసిన ఫొటోతో పోలిస్తే కుడి ఎడమవుతుంది. కొన్ని ఫోన్లు తిప్పుతాయి, కొన్ని తిప్పవు. ఎవరిది తిరిగిందో, ఎవరిది తిరగలేదో మనకి తెలీదు. ఈ మార్కులన్నీ కలగాపులగమైపోయాయి. రూల్సు రాసింది నేనే. సెల్ఫీ వద్దని రాయలేదు."

సీనియర్ మేడమ్ ఆ ఫొటో అందుకుని చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎర్ర మూత నీదే అయ్యుండొచ్చు కదమ్మా. గెలిచిన దాన్ని ఎందుకు తవ్వుతావు?"

"నాదైనా ఇది గెలుపు కాదు మేడమ్. రేపు ఎవరో ఈ పోస్టరు చూసి, ముఖం మీది నలుపు పోతుందని కొనుక్కుంటారు. పోదు. అప్పుడు వాళ్ళ ఎదురుగా నిలబడేది నా క్రీమే." మేనేజరు వైపు తిరిగింది. "మూడు రోజులివ్వండి సార్. అందర్నీ ఇళ్ళకెళ్ళి చూసొస్తాను. పుట్టుమచ్చో, పాపిడో, గాటో ఏదో ఒక గుర్తుంటుంది. ఏ ఫొటో తిరిగిందో తేల్చి, డాక్టరుగారి చేత మార్కులు సరిచేయించి తెస్తాను."

"తేలకపోతే?"

"మూతలు బిగిస్తాను."

*

ఏడో నంబరు ఆఖరి స్టాపులో ఆగి ఉంది. విషయం విన్న డ్రైవరు తన చెంప తడుముకున్నాడు. "అంటే నేను తెల్లబడలేదా? మా అమ్మ అప్పుడే ముగ్గురికి ఫోన్లు చేసి చెప్పింది!"

"జోకులొద్దు. పదకొండు ఇళ్ళు, ఊరికి నాలుగు వైపులా ఉన్నాయి. మూడు రోజులే టైము."

అతను సీటు కింద నుంచి పాత రూటు మ్యాపు తీశాడు. అడ్రసులు ఒక్కొక్కటే అడిగి పెన్సిలుతో చుక్కలు పెట్టాడు. "ఇలా వెళితే రెండు రోజుల్లో అయిపోతుంది. ఎక్కడ ఏ బస్సు మారాలో మీకు తెలీదు, నాకు తెలుసు. నాకు సెలవులున్నాయి. వస్తాను."

"రూలు..."

"పరీక్ష ఎనిమిది వారాలే కదా, అయిపోయిందిగా?"

"కవరు తెరిచేదాకా అవనట్టే. దారి చూపించండి చాలు. కబుర్లుండవు."

"డ్రైవరుతో మాట్లాడరాదని మా బస్సులోనే రాసి ఉంటుందండీ. నాకలవాటే."

ప్రయాణికుడిగా కూర్చున్న డ్రైవరంత నవ్వొచ్చే మనిషి ఇంకొకడుండడు. ఎదురుగా బండి వస్తే అతని కుడికాలు దానంతటదే నేలని తొక్కేది. మలుపు దగ్గర చేతులు గాల్లోనే తిరిగేవి. చుక్క నవ్వాపుకోవడానికి కిటికీలోంచి బయటికి చూసేది.

మొదటి ఇంట్లో పంతొమ్మిదేళ్ళ కాలేజీ కుర్రాడు. నుదుటి నిండా మొటిమలు. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు. ఫొటోలో అది కుడి కనుబొమ మీదుంది. "తిరిగింది," అని రాసుకుంది చుక్క. తర్వాత అతని ముఖం వంక చూసి, "రోజుకెన్నిసార్లు కడుగుతున్నావు?" అంది.

"ఆరుసార్లక్కా. జిడ్డు కారిపోతోంది."

"రెండుసార్లు చాలు. నువ్వు కడిగినకొద్దీ చర్మం ఎండిపోయిందనుకుని ఇంకా నూనె వదులుతుంది. ఆ గిల్లడం కూడా మానెయ్."

"మానేస్తానక్కా. కానీ మీ ఎర్ర మూత రాసిన చెంపకి ఇంకో నాలుగు ఎక్కువొచ్చాయి. నీలం హాయిగా ఉంది."

చుక్క అది కూడా రాసుకుంది. రాసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కింది.

తర్వాత బేకరీలో పనిచేసే నలభై అయిదేళ్ళ ఆవిడ. రోజంతా ఓవెన్ ముందు నిలబడి ముఖం బీటలు వారిపోయింది. "ఎర్ర మూతదే బాగుందమ్మా, ఎన్నేళ్ళకో నవ్వితే చర్మం లాగలేదు," అంది. స్నానం అయ్యాక ముఖం తడి ఆరకముందే క్రీము రాసుకోమని, వేడివేడి నీళ్ళు ముఖాన పోసుకోవద్దని చెప్పింది చుక్క. ఆ తర్వాత రిటైరైన టీచరుగారు, డెబ్బై ఒక్క ఏళ్ళు. చర్మం కాగితంలా పల్చగా ఉంది. ఆవిడ చుక్కనే కుర్చీలో కూర్చోబెట్టి, తన ఫొటోలన్నీ వరసగా తీసి చూపించింది. "సెల్ఫీ అంటే నాకు చేతకాదు, పక్కింటావిడ తీసింది. నావి తిరగలేదు. రాసుకో." రాసుకుంది. ముఖాన్ని తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోమని చెబితే, టీచరుగారు బుద్ధిగా తలూపి, డ్రైవరుని చూపించి, "ఈ అబ్బాయికి కూడా చెప్పు," అంది.

రెండో రోజు సాయంత్రానికి పది ఇళ్ళు పూర్తయ్యాయి. పదకొండో ఇంటికి వెళుతుంటే వాన అందుకుంది. ఇద్దరూ బస్టాపు రేకు కింద నిలబడ్డారు. ఎదురుగా సందులో నీళ్ళు పరుగెడుతున్నాయి. రేకు మీద వాన చేస్తున్న చప్పుడికి అరిచినట్టు మాట్లాడాల్సి వచ్చింది.

"ఒకటి అడగొచ్చా?" అన్నాడతను. "అందరికీ అన్ని జాగ్రత్తలు చెబుతున్నారు. మీ ముఖానికి మీరేం రాస్తారు?"

"ఏమీ రాయను. టైముండదు."

"వంటవాడు ఉపవాసం ఉన్నట్టుంది."

చుక్క పకపకా నవ్వేసింది. నవ్వుతూనే అతని వైపు తిరిగింది. వానజల్లుకి తడిసిన అతని ముఖం చాలా దగ్గర్లో ఉంది. కుడి దవడ కింద, ఫొటోల్లో పడని చోట, సన్‌స్క్రీన్ కరిగిపోయి ఎర్రటి గీతలు. పొక్కు కట్టి ఎండిన చర్మం.

నవ్వు ఆగిపోయింది.

"ఏమిటిది?"

"షేవింగు..."

"షేవింగు కాదు. ఇది మంట. ఎప్పట్నించి?"

అతను వాన వంక చూశాడు. "రెండో వారం నుంచి."

"ప్రతి ఆదివారం 'ఏ ఇబ్బందీ లేదు' అని రాశారు!"

"పెద్ద మంటేం కాదండీ. ఎర్ర మూత రాసినప్పుడల్లా కాస్త చురుక్కుమనేది. చెబితే ఆ క్రీముకి మార్కులు తగ్గిపోతాయనీ..." అతను ఆగాడు. "అది మీదేమోననిపించింది."

"నాదని ఎవరు చెప్పారు? నాకే తెలీదే!"

"డబ్బాలిచ్చిన రోజున నీలం మూత ఒక చేత్తో ఇచ్చారు. ఎర్ర మూత రెండు చేతులతో ఇచ్చారు."

చుక్కకి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

"నా కోసం దాచావా? నేను అడిగానా? రెండో వారమే చెప్పుంటే ఎందుకు మండుతోందో వెతికేదాన్ని, ఆరు వారాలుండేవి నాకు! నువ్వు ఊరుకున్నావు. రేపిది బజార్లోకి వెళితే ఇంకెవరి ముఖమో మండుతుంది, వాళ్ళూ ఊరుకుంటారు. నా పని మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంది, నిజం చెప్పే ముఖాల మీద. వాటిలో ఒకటి నువ్వే దొంగది చేశావు."

ఎనిమిది వారాల 'మీరు' ఆ వానలో ఎక్కడ కొట్టుకుపోయిందో చుక్క గమనించలేదు. అతను గమనించాడేమో, కానీ అది సంతోషించే సమయం కాదని అతనికి తెలుసు.

"తప్పయిపోయింది," అన్నాడు.

"పదకొండో ఇంటికి నేనొక్కదాన్నే వెళతాను."

వానలోనే వెళ్ళిపోయింది. రేకు కింద అతను నిలబడ్డచోటే నిలబడిపోయాడు.

*

మూడో రోజు పొద్దున్నే మేనేజరు బల్ల మీద మూడు కాగితాలు పెట్టింది చుక్క. రాత్రి సరిగా నిద్రలేదు, కళ్ళు ఉబ్బాయి. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మొదటిది, ఏ ఫొటోలు తిరిగాయో లిస్టు. పదకొండులో అయిదు తిరిగాయి. రెండోది, డాక్టరుగారు సరిచేసిన మార్కులు. మూడోది డ్రైవరుగారి గురించి. ఆయన ఎర్ర మూత వల్ల వచ్చిన మంటని దాచారు. ఆయన ముఖాన్ని మార్కుల్లోంచి కొట్టేస్తున్నాను. మంట మాత్రం రిపోర్టులో ఉంటుంది."

మేనేజరు మూడో కాగితం రెండుసార్లు చదివాడు. "ఇది నీ క్రీమైతే నీ మీద నువ్వే రాసుకున్నట్టవుతుంది. కవరు తెరిచాక రాయొచ్చుగా?"

"తెరిచాక రాస్తే చెయ్యి వణుకుతుంది సార్. అందుకే ముందే రాశాను."

సీనియర్ మేడమ్ ఆమె వంక అదోలా చూసింది. మేనేజరు బీరువా తీసి, కవరు చింపి, పైకి చదివాడు.

ఎర్ర మూత చుక్కది.

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. అంటే అతని దవడ మీది ఆ పొక్కులు తన చేతి పనే. చర్మం నునుపు కోసం తను ఎంతో ఇష్టంగా కలిపిన లాక్టిక్ యాసిడ్ పని అది. ల్యాబులో కూర్చుని కొలిచినప్పుడు అది తక్కువే. పదేళ్ళు ఎండ తిన్న చెంపకి ఎక్కువ.

మార్కుల కాగితం ఇంకో కథ చెప్పింది. పదకొండు ముఖాల్లో ఏడింటికి ఎర్ర మూతే మేలు. ఆ ఏడుగురివీ పొడిబారిన చర్మాలు, చాలావరకు నలభై దాటిన వాళ్ళవి. మిగిలిన నాలుగూ జిడ్డు కారే కుర్ర ముఖాలు. వాటికి చుక్క క్రీము బరువైపోయి మొటిమలు పెంచింది. సీనియర్ మేడమ్‌దే బాగా పనిచేసింది.

"ఇంటిల్లిపాదికీ ఒకే డబ్బా అన్నావు," అన్నాడు మేనేజరు.

"అన్నాను సార్. తప్పుగా అన్నాను." చుక్క మార్కుల కాగితం తన వైపు లాక్కుంది. "పంతొమ్మిదేళ్ళ ముఖానికీ డెబ్బై ఏళ్ళ ముఖానికీ ఒకే క్రీము చెయ్యడం నా పంతం, అంతే. కానీ ఆ బేకరీ ఆవిడ నవ్వితే చర్మం లాగలేదంది సార్. ఆవిడ కోసం ఈ క్రీము బతకాలి. యాసిడ్ సగానికి తగ్గిస్తాను. ఎండలో పనిచేసే వాళ్ళని పిలిచి, వాళ్ళ ముఖాల మీదే మళ్ళీ పరీక్ష పెడతాను. డబ్బా మీద పొడి చర్మానికని పెద్ద అక్షరాలతో రాయిస్తాను. రెండు నెలలివ్వండి."

"ఉన్నది ఒక్క మెషీను. ఆ రెండు నెలలూ దాన్ని ఖాళీగా పెట్టమంటావా?"

సీనియర్ మేడమ్ గొంతు సవరించుకుంది. "ఖాళీ ఎందుకు సార్? ఈ రెండు నెలలూ నాది నడపండి, కుర్రవాళ్ళకని రాసి. తర్వాత నెలకొకటి చొప్పున మార్చి మార్చి చేద్దాం. ఈ పిల్ల కింద మూతలు బిగిస్తుంటే నాకు పైన చెయ్యి ఆడదు."

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి నవ్వాడు. "రెండు నెలలు. ఒక్క రోజు ఎక్కువ అడక్కు."

చుక్క మెట్లు దిగుతూ మధ్యలో కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, బస్టాపుకి బయల్దేరింది.

*

ఏడో నంబరు ఆఖరి స్టాపులో నిండుగా ఉంది. బయల్దేరే టైము కావొస్తోంది. చుక్క ముందు తలుపులోంచి ఎక్కి నేరుగా డ్రైవరు సీటు పక్కకి వచ్చి నిలబడింది. అతను ఉలిక్కిపడి లేవబోయి, బెల్టు అడ్డొచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

"ఎర్ర మూత నాదే," అంది చుక్క. "నీ ముఖం మండించింది నేనే. క్షమించు."

"అయ్యో, మీరెందుకండీ..."

"మాట్లాడకు, నేను చెప్పేది విను. నిన్ను లిస్టులోంచి కొట్టేశాను. నువ్విప్పుడు నాకు వాలంటీరువి కావు. అందుకే ఈ మాట చెప్పడానికి వచ్చాను." ఊపిరి పీల్చుకుంది. "నాకు ఓడిపోవడం చేతనవుతుంది. ప్యాకింగులో మూడేళ్ళున్నాను, ఇంకో మూడేళ్ళుండగలను. నన్ను ఓడిపోకుండా కాపాడాలని నా దగ్గర నిజం దాస్తే మాత్రం తట్టుకోలేను. ఇంకెప్పుడూ దాచకు. మండితే మండిందని చెప్పు. నేను చేసింది బాగోకపోతే బాగోలేదని చెప్పు."

"చెబుతాను," అన్నాడతను. అతని ముఖంలో ఎప్పటి చిలిపితనం లేదు. "ఇకమీదట అన్నీ చెబుతాను. అయితే ఒకటి ఇప్పుడే చెప్పాలి. మీరు ఆ వానలో ఎక్కిన దగ్గర్నుంచీ, మూడో సీటు ఖాళీగా ఉండే ఆదివారాలు నాకు బండి నడపబుద్ధి కాలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు కోప్పడినా సరే."

"కోపం ఇంకా తగ్గలేదు," అంది చుక్క. "ఇష్టం కూడా ఉంది. నీ మీద రెండూ ఉన్నాయి."

"ఏది ఎక్కువ?"

"ఇవాళ కోపం. రేపటి సంగతి రేపు అడుగు."

"రోజూ అడగొచ్చా?"

"రోజూ అడుగు."

అప్పుడు గమనించింది చుక్క. బస్సులో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. ముప్ఫై మందికి పైగా మెడలు సాచి వింటున్నారు. మొదటి సీటులో ఒళ్ళో టిఫిను క్యారియరు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ చేతి గడియారం చూసుకుని గొంతెత్తింది.

"పిల్లా ఒప్పుకుంది, నువ్వూ ఒప్పుకున్నావు. టైము దాటి రెండు నిమిషాలైంది. ఇంక బండి తియ్యరా!"

"తీస్తున్నానమ్మా," అన్నాడు డ్రైవరు, చెవులదాకా ఎర్రబడిపోయి.

చుక్క గిరుక్కున అటు తిరిగింది. అమ్మా అన్నాడు! ఆవిడ ఆమెను కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది.

"మావాడి ముఖం మండించిన పిల్లవి నువ్వేనా?"

చుక్క తలొంచుకోలేదు. "నేనేనండీ. రెండు నెలల్లో సరిచేస్తాను."

"వాడు పుట్టిన దగ్గర్నుంచీ నేను సరిచేస్తూనే ఉన్నాను. రెండు నెలలు సరిపోవు," అంటూ ఆవిడ క్యారియరు ఒళ్ళో సర్దుకుని పక్కకి జరిగింది. "నిలబడితే బ్రేకు వేసినప్పుడు పడతావు. ఇలా వచ్చి కూర్చో."

వెనక సీట్లలో ఎవరో చప్పట్లు కొట్టారు. చుక్క వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఏడో నంబరు మూడు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది.